లేని బ్రేకు

షోరూం మేడం కొత్త కారు తలుపులు తీసి, ముందు రెండు సీట్ల దగ్గరా కాళ్ళ కింద తెల్లకాగితాలు పరిచింది.

"మట్టి అంటకుండా మాస్టారూ. మీ తర్వాత ఇంకా చాలామంది నడిపి చూడాలిగా" అంది.

నాన్న స్టీరింగు వైపు వెళ్ళలేదు. పక్క సీటు తలుపు దగ్గర వంగి, కాళ్ళు పెట్టుకునే చోటు చూశాడు. చాలదన్నట్టు చెయ్యి పోనిచ్చి తడిమాడు. అక్కడ కాగితం తప్ప ఏమీ లేదు.

"ఏం వెతుకుతున్నారండీ? ఏమన్నా పడిపోయిందా?" అని అమ్మ అడిగింది.

"బ్రేకు" అన్నాడు నాన్న.

మేడం పకపకా నవ్వింది. అమ్మ నవ్వలేదు. నేనూ నవ్వలేదు.

మా నాన్న ముప్పై ఒక్క ఏళ్ళు జనానికి కారు నడపడం నేర్పాడు. ఆయన కారులో పక్క సీటు ముందు కూడా ఒక క్లచ్చూ ఒక బ్రేకూ ఉండేవి. నేర్చుకునేవాళ్ళు తడబడితే నాన్న తన కాలితో కారు ఆపేవాడు. అందుకే అందరూ ఆయన్ని బ్రేకు మాస్టారు అనేవాళ్ళు. కేకలు వేసేవాడు కాదు, విసుక్కునేవాడు కాదు. జేబులో పట్టేంత అట్టకార్డు ఒకటి మోకాలి మీద పెట్టుకునేవాడు. తను బ్రేకు తొక్కాల్సి వచ్చిన ప్రతిసారీ ఆ రోజు తేదీ ఎదురుగా ఒక గీత గీసేవాడు. అంతే. పెన్ను అట్ట మీద గీరుకున్న చప్పుడుకే నేర్చుకునేవాళ్ళ చెవులు ఎర్రబడేవి. ఒక్క గీత కూడా లేని రోజులు మూడు పూర్తయితే, కార్డు పైమూల కత్తెరతో కత్తిరించి చేతిలో పెట్టేవాడు. ఇక నేను పక్కన అక్కర్లేదు అని దాని అర్థం.

నాకు పందొమ్మిదేళ్ళప్పుడు నా పేర కూడా ఒక కార్డు రాశాడు. అందులో రెండు ఖాళీ రోజులు వచ్చాయి. మూడోది రాలేదు. పరీక్ష పెట్టిన ఆఫీసువాళ్ళు నాకు మొదటిసారే లైసెన్సు ఇచ్చారు. నేను దాన్ని తెచ్చి చూపిస్తే నాన్న మురిసిపోయి అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇది వాళ్ళ కాగితం. నా కార్డు వేరు కదమ్మడూ" అని తిరిగి ఇచ్చాడు. ఏడేళ్ళు గడిచాయి. ఆ కార్డుకి నాలుగు మూలలూ అలాగే ఉన్నాయి.

నిరుడు ఒకరోజు పాఠం మధ్యలో పక్కసందులోంచి ఒక స్కూటరు వచ్చింది. నాన్నకి కనిపించలేదు. నేర్చుకుంటున్న అమ్మాయే చూసి ఆపింది. నాన్న ఆ అమ్మాయికి మెచ్చుకోలుగా తల ఊపి, పాఠం పూర్తిచేసి, తిన్నగా కళ్ళ డాక్టరు దగ్గరికి నడిచివెళ్ళాడు. ఎదురుగా ఉన్నది బాగానే కనిపిస్తోంది, రెండు కళ్ళలోనూ పక్కచూపు పోయింది, పోయినది తిరిగిరాదు, మిగిలినది మందుచుక్కలతో కాపాడుకోవాలి అన్నారు డాక్టరు. వారం తిరక్కుండా నాన్న రెండు బ్రేకుల కారు అమ్మేశాడు.

అప్పటినుంచి తొమ్మిది నెలలు ఆయన నడిచి వెళ్ళగలిగిన దూరం దాటి పోలేదు. ఒకసారి అమ్మా నాన్నా టాక్సీలో మా పెద్దమ్మ వాళ్ళింటికి బయల్దేరారు. రెండు గంటల ప్రయాణం. పావుగంట కాకముందే ఆపించి దిగిపోయి, ఇద్దరూ నడుచుకుంటూ వెనక్కి వచ్చారు. "ఆయన కాలు ఒక్క క్షణం ఊరుకోలేదే. డ్రైవరు పాపం, కింద పామేదైనా ఉందా అని అడిగాడు" అని అమ్మ నాకు వంటింట్లో గుసగుసగా చెప్పింది. అమ్మ ఒంటరిగా వెళ్ళనంటుంది. పెద్దమ్మని చూడక తొమ్మిది నెలలైంది.

కారు కొందామన్న మాట నాదే. నేను రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తాను. పొద్దున్నే చిన్న చిన్న క్లినిక్కులన్నీ తిరిగి రక్తం గొట్టాలు తీసుకురావడం నా పని. రెండేళ్ళుగా ల్యాబు వ్యాను నేనే నడుపుతున్నాను. నాన్నకి ఆ సంగతి తెలుసు. ఎప్పుడూ ఎక్కలేదు.

మొన్న భోజనాల దగ్గర నాన్న అన్నాడు. "కొనుక్కో అమ్మడూ, మంచిదే. కానీ పక్కన పెడల్స్ పెట్టిద్దాం. నాకు తెలిసిన మెకానిక్ ఒక పూటలో బిగించేస్తాడు."

"వద్దు నాన్నా."

"ఏం? ఎందుకొద్దు?"

నాకు మాటలు వెంటనే రావు. కంచంలోని మెతుకులన్నీ ఒక పక్కకి తీసుకున్నాక వచ్చాయి. "నీ కాలికింద బ్రేకుంటే కారు నేను నడిపానో నువ్వు నడిపావో నాకెప్పటికీ తెలీదు నాన్నా."

"చెరో పూట నడపండి" అంది అమ్మ. "నేను వెనకాల కళ్ళు మూసుకుని కూర్చుంటా."

నాన్న భోజనం ముగించి లేచాడు. చేతులు కడుక్కుని వచ్చి, "సరే. టెస్ట్ డ్రైవ్‌కి కార్డు తెస్తా. నా కాలు బ్రేకు కోసం లేచిందంటే గీత. కాలు అబద్ధం చెప్పదు. ఒక్క గీత కూడా పడకపోతే పెడల్స్ మాట మళ్ళీ ఎత్తను. పడిందా, పెట్టించాల్సిందే. సరేనా?" అన్నాడు.

సరే అన్నాను. కానీ లోపల ఇంకో మాట అనుకున్నాను. గీత పడితే పెడల్స్ కాదు, అసలు కారే వద్దు. పెడల్స్ ఉన్న కారులో నాకు ఎప్పటికీ పందొమ్మిదేళ్ళే.

షోరూంలో ఈ మేడం తగలడం మా అదృష్టమో కాదో తెలీదు. ఆవిడా నాన్న దగ్గర నేర్చుకున్న మనిషే. నలభై దాటి ఉంటాయి, నవ్వు మాత్రం బడిపిల్లది.

"నా కార్డు చూసి మా ఆయన దువ్వెన బొమ్మ వేశావా అన్నారు మాస్టారూ! అన్ని గీతలు" అంది, అమ్మకి కూడా వినిపించేలా. పెడల్స్ మాట విన్నాక మాత్రం గొంతు తగ్గించింది. "కొత్త బండికి అలాంటివి బిగిస్తే కంపెనీ వారంటీ ఇవ్వదు మాస్టారూ. మీ ఇష్టమనుకోండి."

నా లైసెన్సు జిరాక్సు తీసుకున్నారు. ఒక కాగితం మీద సంతకం పెట్టాను. అమ్మా మేడమూ వెనక ఎక్కారు. "హమ్మయ్య, మోకాలు కలుక్కుమనకుండా ఎక్కగలిగాను. సీటు ఎత్తుగా బాగుంది" అంది అమ్మ. నేను సీటు ముందుకి జరుపుకున్నాను, అద్దాలు సరిచేసుకున్నాను, బెల్టు పెట్టుకున్నాను. నాన్న నా చేతులనే చూస్తున్నాడు. అయ్యాక చొక్కా జేబులోంచి కార్డు తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

కొత్త కార్డు కాదు. అట్ట పసుపెక్కి ఉంది. పైన నా పేరు నాన్న రాతలో ఉంది, ఏడేళ్ళ కిందటి నీలి సిరా. చివరి తేదీ కింద ఇవాళ్టి తేదీ వేశాడు.

షోరూం గేటు దాటి పక్కరోడ్డు మీదికి వచ్చాను. గేర్లు మామూలువే, ల్యాబు వ్యాను కన్నా మెత్తగా పడుతున్నాయి. బండి ఎత్తుగా ఉండటంతో ముందున్న లారీ దాటి సిగ్నలు దాకా కనిపిస్తోంది. సిగ్నలు ఎర్రబడటం చూసి ముందే కాలు తీశాను. లారీ వెనక దీపాలు వెలిగాయి.

పక్కన కాగితం నలిగిన చప్పుడు. తర్వాత పెన్ను చప్పుడు.

"అదేంటండీ!" అంది అమ్మ వెనకనుంచి. "గేటు దాటి రెండు నిమిషాలు కాలేదు, అప్పుడే?"

"కాలు లేచింది. నేనేం చెయ్యను?" అన్నాడు నాన్న. ఆయన గొంతులో గెలిచిన సంతోషమేమీ లేదు.

ఒక్క గీత చాలు. పందెం అక్కడే అయిపోయింది. కారు తిప్పి షోరూంకి తీసుకెళ్ళి తాళం ఇచ్చేయొచ్చు. కానీ సిగ్నలు పచ్చబడింది. వెనక ఎవరో హారను కొట్టారు. బండి కదిలించక తప్పలేదు.

అప్పుడు పెన్ను చప్పుడు వినకూడదని నిర్ణయించుకున్నాను. వెనక అమ్మా మేడమూ కూర్చున్న చోట ల్యాబు పెట్టె ఉందనుకున్నాను. నీలం మూత ఉన్న పెట్టె, లోపల మంచుగడ్డ సంచులు, వాటి మధ్య నిలబెట్టిన గొట్టాలు. గొట్టాలు బాగా కుదిపితే రక్తం చెడిపోతుంది. పరీక్ష పనికిరాదు. ఎక్కడో ఒక ముసలాయనకో పసిపిల్లకో మళ్ళీ సూది గుచ్చాలి. మొదటి నెలలో నా వల్ల ఒక పాపకి రెండోసారి గుచ్చాల్సి వచ్చింది. ఆ పాప ఏడుపు నేను స్వయంగా విన్నాను. అప్పటినుంచి ఆగాల్సిన చోటు చాలా దూరంలో ఉండగానే నా కాలు మెల్లగా దిగుతుంది. గొట్టాలకి కూడా తెలియకూడదు, బండి ఆగిందని.

రౌండు తిరిగే చోట పెన్ను చప్పుడు. బడి దగ్గర జీబ్రా క్రాసింగులో పెన్ను చప్పుడు. బస్సు ఆగినప్పుడు ఒకటి. బస్సు కదిలినప్పుడు కూడా ఒకటి.

"కదిలినదానికి కూడానా మాస్టారూ?" అంది మేడం.

"చెప్పాగా. కాలు."

ఫ్లైఓవరు ఎక్కుతుండగా ముందున్న బళ్ళు ఆగాయి. ఎత్తు మీద మేమూ ఆగాం. నాన్న రెండు కాళ్ళూ బిగబట్టి, సీటుకి వీపు ఆనించి, కిందికి జారిపోయే మనిషిలా కూర్చున్నాడు. మేడం ముందుకి వంగింది. "భయం లేదు మాస్టారూ. ఈ బండిలో ఒక సదుపాయం ఉంది. ఎత్తు మీద బ్రేకు వదిలినా రెండు మూడు సెకన్లు తనే పట్టుకుని ఉంటుంది, వెనక్కి జారదు."

"తనే పట్టుకుంటుందా?"

"తనే."

"అయితే ఇక మనుషులెందుకు?" అన్నాడు నాన్న. ఒక గీత గీశాడు.

అమ్మ వెనకనుంచి ఆయన భుజం మీద ఒక్కటిచ్చింది. "ఆ కారు మీద కోపం పిల్ల మీద గీస్తారేంటి!"

నాకు నవ్వొచ్చింది. నాన్నకి కూడా వచ్చినట్టుంది, మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు.

దిగేలోపు పెన్ను ఇంకో రెండుమూడుసార్లు చప్పుడు చేసింది. ఫ్లైఓవరు దిగాక షోరూం వాళ్ళు చెప్పిన దారి ఒక పాత వీధిలోంచి వెళ్తుంది. రెండువైపులా దుకాణాలు, నాన్న వైపు వరసగా ఆగి ఉన్న సామాన్ల వ్యాన్లు. ఎదురుగా దారి ఖాళీగా ఉంది. నేను మూడో గేరులో ఉన్నాను. రెండో వ్యాను పైన ఏదో కదిలినట్టనిపించింది. చూస్తే నిచ్చెన కొస. ఒక జానెడు. వ్యాను పైకప్పు మీద సామాను కట్టారనుకోవచ్చు, కానీ వ్యాను ఆగి ఉంది, నిచ్చెన కదులుతోంది.

కాలు తీశాను. రెండో గేరుకి వచ్చాను. తర్వాత పూర్తిగా ఆపేశాను.

పక్కనుంచి ఏ చప్పుడూ రాలేదు. నాన్న నావైపు తిరిగాడు. "ఎందుకాపావమ్మడూ? ఎదర ఎవరూ లేరుగా."

నేను జవాబు చెప్పేలోపు రెండు వ్యాన్ల సందులోంచి ఒక పెయింటరు సైకిలు మీద బయటికి వచ్చాడు. భుజానికి నిచ్చెన, హ్యాండిలుకి రంగుడబ్బా. మా బండి ముందునుంచే అడ్డంగా దాటాడు. నిచ్చెన వెనక కొస మా బానెట్టుకి మూరెడు దూరంలో ఊగుతూ పోయింది. మమ్మల్ని చూసి ఉలిక్కిపడి, బ్రష్షు పట్టుకున్న చెయ్యే ఎత్తి, "సారీ అక్కా!" అని వెళ్ళిపోయాడు.

నాన్న ఆ నిచ్చెన వీధి చివర మలుపు తిరిగేదాకా చూశాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "ఒక్క నిమిషం పక్కకి ఆపు తల్లీ."

మూసి ఉన్న ఒక దుకాణం ముందు ఆపాను. ఇంజను ఆపేశాను. ఇప్పుడు పెడల్స్ గురించి చెప్తాడు, నేను కారు వద్దంటాను, అమ్మ పెద్దమ్మని ఇంకో ఏడాది చూడదు అనుకున్నాను. ముందు అద్దంలో అమ్మ మొహం కనిపించింది. ఆమె కూడా పెడల్స్ మాటే వస్తుందనుకుంటున్నట్టుంది.

"ఎన్ని గీతలు?" అని నాన్న అడిగాడు. ఎవరినన్నది తెలియలేదు.

"నేను లెక్కపెట్టలేదు" అన్నాను.

"తొమ్మిది" అంది అమ్మ.

"తొమ్మిదేగా! నాకు మొదటిరోజు పద్నాలుగు" అంది మేడం, మమ్మల్ని నవ్వించాలని.

నాన్న తన కాళ్ళకేసి వంగి చూశాడు. ఒక్కొక్క పాదమూ ఎత్తి పక్కకి పెట్టాడు. కుడికాలు ఉన్నచోట తెల్లకాగితానికి చిల్లు పడింది. చిన్నది కాదు, బూటు ముందుభాగం అంత. అంచులు నలిగి పీలికలయ్యాయి. కింద నల్లటి తివాచీ కనిపిస్తోంది.

"అయ్యో, పర్లేదు మాస్టారూ, కాగితమేగా" అంది మేడం.

"అదే. కాగితమే." నాన్న ఆ చిల్లులో వేలు పెట్టి చూశాడు. "తొమ్మిదిసార్లు తొక్కాను. కాగితం తొక్కితే కారు ఆగుతుందా?"

అమ్మ కూడా ముందుకి వంగి ఆ చిల్లు చూసింది.

"తొమ్మిదిసార్లూ ఆగింది" అన్నాడు నాన్న. "ఆగాల్సినచోట ఆగింది, తగ్గాల్సినచోట తగ్గింది. నేను తొక్కాను, ఆగింది. నేను తొక్కాను, తగ్గింది. నా కాలే ఆపిందనుకున్నా. అలవాటు. ఇందాక ఆ నిచ్చెనవాడు నాకు కనపడలా. నేను తొక్కలా. అయినా ఆగింది." కార్డు ఎత్తి కళ్ళకి దగ్గరగా పెట్టుకున్నాడు. "మన పాత బండిలో నీ పెడలూ నా పెడలూ ఒకే బ్రేకుకి కట్టినవి కదమ్మడూ. నీ కాలు ముందు పడిందో నా కాలు ముందు పడిందో నాకెలా తెలుస్తుంది? కారు ఆగింది కాబట్టి నేనే ఆపాననుకుని గీత గీశాను. ముప్పై ఒక్క ఏళ్ళు గీశాను."

"అందరికీ అలా కాదులెండి మాస్టారూ" అంది మేడం. ఈసారి నవ్వలేదు. "నావి మాత్రం నిజం గీతలే. మీరు తొక్కకపోతే ఒకరోజు కరెంటు స్తంభాన్ని గుద్దేసేదాన్ని."

"నువ్వు గుద్దేసేదానివే" అని నాన్న ఒప్పుకున్నాడు. "దీని సంగతే నాకు తెలీదు. ఇది నా కూతురు. దీని పక్కన కూర్చున్నప్పుడు నా కాలు ఎప్పుడూ ముందే లేచి ఉండేది."

నేను స్టీరింగు మీది నుంచి చేతులు తీయలేదు.

"ఆ నిచ్చెన నీకెలా కనిపించింది?" అని అడిగాడు.

"వ్యాను పైన కొస కదిలింది నాన్నా."

"జానెడు ఉంటుందా?"

"అంతే ఉంటుంది."

ఆయన తల ఊపాడు. నిరుడు స్కూటరు చూసి కారు ఆపిన అమ్మాయికి ఎలా ఊపాడో నేను చూడలేదు గానీ, ఇలాగే ఊపి ఉంటాడు. తర్వాత వెనక్కి తిరగకుండానే చెయ్యి చాపాడు. "ఏమోయ్, నీ సంచిలో కత్తెరుందా?"

"టెస్ట్ డ్రైవ్‌కి కత్తెర ఎవరు తెస్తారండీ?" అంది అమ్మ. అప్పటికే సంచిలో చెయ్యి పెట్టి వెతుకుతోంది. రుమాలు, కళ్ళజోడు పెట్టె, తలనొప్పి మందు, మూడు సేఫ్టీ పిన్నులు బయటికి వచ్చాయి. "గోళ్ళు తీసుకునేదుంది. పనికొస్తుందా?"

"ఇటివ్వు."

"అవునూ, మీ మూడు రోజుల రూలు ఏమైంది? ఎవరికీ ఒక్క రోజు తగ్గించి ఎరగరుగా?"

"రెండు ఏడేళ్ళ కిందటే అయ్యాయి" అన్నాడు నాన్న. "మూడోది ఇవాళ."

ఇవాళ్టి తేదీ ఎదురుగా ఉన్న తొమ్మిది గీతల మీదా అడ్డంగా ఒకే గీత గీసి కొట్టేశాడు. నెయిల్ కట్టరుతో కార్డు పైమూల కత్తిరించడం మొదలుపెట్టాడు. అట్ట దళసరి. కొంచెం కొంచెంగా కొరికినట్టు తెగుతోంది. టిక్కు, టిక్కు అని చప్పుడు. ఆ పని అయ్యేదాకా మేమంతా అలా చూస్తూ ఉండిపోయాం. ఆఖరికి ఆ మూల ఎలుక కొరికినట్టు తయారైంది. ఊడిన ముక్కల్ని ఏరి చొక్కా జేబులో వేసుకుని, కార్డు నా చేతిలో పెట్టాడు.

నేను దాన్ని ఎక్కడ దాచుకోవాలో తెలియక బెల్టు కిందనుంచి గుండెల దగ్గరి జేబులో పెట్టుకున్నాను. పెట్టుకున్నాక కూడా చాలాసేపు తాళం తిప్పలేదు. ఎదురుగా వీధి కొంచెం మసకగా కనిపిస్తోంది.

"నడపగలవా?" అన్నాడు నాన్న.

"ఊఁ."

ఇంజను స్టార్టు చేశాను. అద్దం చూసుకుని, నాన్న వైపు కూడా ఒకసారి చూసి, రోడ్డు మీదికి వచ్చాను. వీధి మలుపు తిరిగేలోపు పక్కనుంచి ఏదో కదులుతున్న అలికిడి. నాన్న వంగి బూట్లు విప్పుతున్నాడు. వాటిని చిల్లు పడ్డ కాగితం మీద జతగా పెట్టాడు. తర్వాత రెండు కాళ్ళూ పైకి తీసుకుని సీటులో బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు, ఇంట్లో మంచం మీద కూర్చున్నట్టు.

"ఏమండీ! ఇంకా కొనని బండి. సీటు మీద కాళ్ళు పెడతారేంటి, ఈవిడ ఏమనుకుంటుంది?" అంది అమ్మ.

"కొంటున్నాంగా" అన్నాడు నాన్న. "మీ అక్కయ్యకి ఫోను చెయ్యి. ఆదివారం వస్తున్నామని."

అమ్మ సంచిలో ఫోను కోసం మళ్ళీ రుమాలూ కళ్ళజోడు పెట్టే బయటికి తీసింది.

ముందు సిగ్నలు ఎర్రబడింది. ఇంకా చాలా దూరం ఉంది. నేను మెల్లగా కాలు దించాను. పక్కన, సాక్సులో నాన్న కుడికాలి బొటనవేలు ఒకసారి కిందికి వంగింది. తర్వాత దానంతటదే లేచి ఊరుకుంది.